మా ఇంటికి బెండకాయ పూలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు ముందు ‘చదువు విలువ’ గురించి రాద్దామనుకున్నాం. ఆ విషయం మీద ఎలాగూ నాలుగైదు వ్యాసాలు వస్తాయి కదా అని, మా ఇంటికి రంగులు వేసుకున్న సంగతి రాస్తున్నాం. మేము అంటే ముగ్గురం: పెళ్లయిన అక్క, ఐటిఐ చదువుతున్న తమ్ముడు, మీలాగే ఈ హాస్టల్లో ఏడేళ్లు నీళ్లచారు తిని ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్న ఈ రాసే మనిషి.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ ఏడేళ్లలో హాస్టల్ మిత్రులెవరినీ మా ఇంటికి పిలవలేదు. దసరా సెలవులకు మీ ఊరొస్తామంటే, ఇంట్లో పెళ్లి ఉందని ఒకసారి, బస్సు లేదని ఒకసారి తప్పించుకున్నాం. మాది మట్టిగోడల గూనపెంకుటిల్లు. చుట్టూ స్లాబులు పడ్డాక అది ఇంకా పొట్టిగా కనిపించేది.

ఆ ఇల్లు మా తాత కట్టింది. తాత చిన్నప్పటి నుంచీ ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది కానీ, ఆ కబురు మా ఊరికి నడుచుకుంటూ వచ్చినట్టుంది. ఆయన బయటపడేసరికి 1980 అయింది. మరుసటి ఏడు ఇల్లు మొదలుపెట్టాడు. మట్టి ఊరి చెరువుది, కష్టం ఇంటిల్లిపాదిది. దూలాలకు, దర్వాజకు మాత్రం వడ్లాయనకు కొంచెం కొంచెంగా డబ్బు కట్టాడు. రాత రాదు కాబట్టి, ఇచ్చిన ప్రతిసారీ నడిమి అర్ర గోడ సున్నం మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. మొత్తం అరవై మూడు గీతలు. తర్వాత ఏటా దసరాకు నాయినమ్మ ఇల్లంతా సున్నం వేసి, అడుగున జాజు పట్టీ తీసేది. ఆ మూరెడు జాగా మాత్రం ముట్టేది కాదు.

2022లో డిగ్రీ స్కాలర్‌షిప్ డబ్బులు చేతికొచ్చాయి. నాయినమ్మ మేనత్త వాళ్ల ఊరు వెళ్లి ఉంది. ఆమె వచ్చేసరికి ఇల్లు మార్చేద్దామని టౌను నుంచి ప్లాస్టిక్ పెయింటు తెచ్చాం. గులాబీ రంగొకటి, చిలకాకుపచ్చ ఒకటి. ఆ గీతలు మాకు మురికిలాగే కనిపించాయి. నాన్న పొలం నుంచి వచ్చి బ్రష్షు పట్టుకునేసరికి పదకొండు గీతలు గులాబీ రంగు కిందికి పోయాయి.

మట్టిగోడ వానాకాలం చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సున్నం దానికి అడ్డు రాదు. ప్లాస్టిక్ పెయింటు ఆ దారి మూసేస్తుంది. మరుసటి వానలకు గోడ బుడగలు కట్టి, పొరలు పొరలుగా ఊడింది. ఊడుతూ పాత సున్నాన్నీ, ఆ పదకొండు గీతల్నీ పట్టుకుని ఊడింది. నాయినమ్మ ఆ పెచ్చులు ఊడ్చి చాటలోకి ఎత్తింది. తిట్టలేదు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

2024 దసరాకు మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఆమె చెప్పినట్టు. మిగిలిన పెయింటంతా గీకేశాం. సున్నపురాళ్లు కుండలో వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికింది. మూడు రోజులు నాననిచ్చి, పాత చీరలో వడగట్టాం. ఈ సున్నం గోడ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుందని తమ్ముడికి సమీకరణంతో సహా చెప్పాం. నాయినమ్మ వింటూ ఉంది. ఆ వెంటనే మా చదువు బయటపడింది. వరండాకు పసుపుపచ్చ రంగు కావాలని బకెట్ సున్నంలో గుప్పెడు పసుపు కలిపాం. ఎర్రగా మారి కూర్చుంది!

“సున్నంల పసుపు కలిపితే పారాణే గద బిడ్డా! మీ కాలేజీల గిది చెప్పలేదా?” అంది. తమ్ముడు ఇప్పటికీ మమ్మల్ని పారాణి ఎమ్మెస్సీ అనే పిలుస్తాడు. తర్వాత దుకాణం నుంచి పసుపు ఆక్సైడ్ పొడి తెచ్చి కలిపితే అది నిలిచింది. బట్టలకు పెట్టే నీలిమందు కలిపి నడిమి అర్రకు లేత నీలం వేశాం. జాజు ఉండనే ఉంది. అది ఇనుప ఆక్సైడే, తుప్పుకు చుట్టం, ఎండకు వెలవదు.

ఇక ఆట మొదలైంది. అక్క బెండకాయను అడ్డంగా కోసి, జాజులో ముంచి గోడకు అద్దింది. ఐదు రెక్కల పువ్వు పడింది! కూరకు తెచ్చిన బెండకాయలన్నీ ఆ రోజు గోడకే పోయాయి. కిటికీల చుట్టూ, దీపం గూటి చుట్టూ, దూలాల కింద వరుసలు వరుసలుగా పూలే. తమ్ముడు పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి అచ్చు చేసి, నెమళ్ల మధ్యలో ఒక ఆటో కూడా దింపాడు. అరుగు దగ్గర నిలబడి ఒకాయన “ఇల్లా, బడి బస్సా?” అని నవ్వాడు. నవ్వనీ అనుకున్నాం.

చివరికి ఆ గోడ మిగిలింది. యాభై రెండు గీతలు, పక్కన ఖాళీ. బొగ్గు తెచ్చి, పదకొండు గీతలు నువ్వే గీయమని నాయినమ్మ చేతికిచ్చాం. ఆమె తీసుకోలేదు.

“మీ తాత పైసలు కట్టి గీసిండు. మనం గీస్తే అవి ఉత్త బొమ్మలైతయి.”

కాసేపాగి, “బొమ్మలే ఎయ్యాల్నంటే మీ పూలేసుకోండ్రి” అంది. ఆ ఖాళీలో తలా ఒకటి చొప్పున పువ్వులు అద్దుతూ వచ్చాం. పదకొండోది ఆమె చేత అద్దించాం. ఆమె చూపు ఆనక అది కాస్త పక్కకు, ఒక గీతకు తగిలి పడింది. అలాగే ఉంచాం.

ఆ దీపావళికి హాస్టల్ మిత్రులు నలుగురు వచ్చి రెండు రోజులు ఉన్నారు. ఈసారి దసరాకు మిగతావాళ్లూ రండి. అయితే వారం ముందే కబురు చెయ్యండి. సున్నం నానడానికి మూడు రోజులు కావాలి, లేత బెండకాయలు అంగడి రోజే దొరుకుతాయి.