కృతజ్ఞతకి లెక్క ఉండక్కర్లేదా?

సృష్టి దేవుడిచ్చిన వరం, అందుకు కృతజ్ఞతగా మనం దాన్ని కాపాడుకోవాలి. పర్యావరణం గురించి మాట్లాడే క్రైస్తవ మిత్రులు ఎక్కువగా ఈ మాట దగ్గరే మొదలుపెడతారు. సృష్టికర్త ఉన్నాడని నేను నమ్మను. అయినా ఈ వాదనని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం సరికాదని నా ఉద్దేశం. ఎందుకంటే దీంట్లో నా వృత్తికి బాగా దగ్గరైన సంగతి ఒకటుంది.

తెలుగు బైబిల్లో 'గృహనిర్వాహకుడు' అనే మాట వస్తుంది. అతను యజమాని కాదు, యజమాని ఆస్తిని చూసుకునే మనిషి. లూకా సువార్త 16వ అధ్యాయంలో అలాంటి వాడి కథే ఉంది. ఆస్తి పాడుచేస్తున్నాడని ఫిర్యాదు రాగానే యజమాని అతన్ని పిలిచి లెక్క అప్పజెప్పమంటాడు. అతనేమో బాకీదార్లని పిలిచి, వాళ్ళ పత్రాల్లో బాకీలు తగ్గించి రాయించి, తన దారి తాను చూసుకుంటాడు. చివర్లో యజమాని వాడి తెలివిని మెచ్చుకోవడం ఏ ఆడిటరుకీ మింగుడుపడదనుకోండి! కానీ కథకి మూలం మాత్రం గట్టిది: నీ చేతిలో ఉన్నది నీది కాదు, ఒకరోజు లెక్క చెప్పాలి.

మరి ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమిని లోబరుచుకొమ్మని, జీవరాశిని ఏలుకొమ్మని ఉంది కదా అని అడగొచ్చు. ఉంది. లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1967లో 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసంలో సరిగ్గా ఇదే ఎత్తిచూపాడు. ప్రకృతి మనిషి కోసమే ఉందనే పాశ్చాత్య క్రైస్తవ ఆలోచన నేటి సంక్షోభానికి ఒక ముఖ్య కారణం అన్నాడు. ఆయన నాస్తికుడేం కాదు, చర్చికి వెళ్ళే మనిషే. పర్యావరణవాదులకి అసిసీ ఫ్రాన్సిస్‌ని ఆదర్శంగా పెట్టుకొమ్మని సూచించాడు కూడా. 1979లో రెండవ జాన్ పాల్ పోప్ ఆ ఫ్రాన్సిస్‌నే పర్యావరణ రక్షకులకి పాలక పునీతుడిగా ప్రకటించాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' అనే లేఖలో, ఆ ఏలుబడి మాటని దోపిడీకి అనుమతిగా చదవడం తప్పని స్పష్టంగా రాశాడు. ఆదికాండం రెండో అధ్యాయంలో తోటని సేద్యం చేయమనీ కాయమనీ ఉంది కాబట్టి రెండూ కలిపి చదవాలన్నాడు. విమర్శ వచ్చాక పుస్తకాన్ని మళ్ళీ తెరిచి చూసుకోవడం మంచి పనే. ఎవరు చేసినా మెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కాపాడటానికి కృతజ్ఞత చాలుతుందా?

నేను పనిచేసింది రక్షణ శాఖ లెక్కల విభాగంలో. అక్కడ స్టోర్సు చూసే మనిషికి గుడారాలు, దుప్పట్లు, పెట్రోలు అన్నీ అప్పగిస్తారు. ఒక్కటీ అతనిది కాదు. ప్రభుత్వం పట్ల కృతజ్ఞత ఉందా అని అతన్నెవరూ అడగరు. చార్జి తీసుకున్నట్టు సంతకం ఉందా, లెడ్జరులో ఉన్నది గోదాములో ఉందా అని చూస్తారు. తగ్గితే ఎందుకు తగ్గిందో రాతపూర్వకంగా చెప్పాలి. కృతజ్ఞత ఉన్నవాడు జాగ్రత్తగా ఉంటాడు, నిజమే. ఉచితంగా దొరికింది అనుకునేవాడి కంటే, ఒకరు ఇచ్చారు అనుకునేవాడి చెయ్యి పొదుపుగా ఉంటుంది. కానీ లెక్క చూడనిచోట ఆ జాగ్రత్త ఎన్నాళ్ళుంటుంది?

నాగాలాండ్ చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ దాదాపు 88 శాతం మంది క్రైస్తవులు. అన్నం ముందు దేవుడికి స్తోత్రం చెప్పే ఇళ్ళు. సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతాల నుంచి దక్షిణ ఆఫ్రికాకి వలసపోయే అమూర్ డేగలు ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ ఆగుతాయి. 2012లో వోఖా జిల్లా దోయాంగ్ జలాశయం దగ్గర వలలు కట్టి వాటిని వేలకొద్దీ చంపి అమ్ముతున్నారని బయటపడింది. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 నుంచీ ఉంది. కృతజ్ఞతా ప్రార్థన అంతకు ముందు నుంచే ఉంది. రెండూ ఆపలేకపోయాయి. 2013లో మాత్రం వేట ఆగింది. గ్రామ మండళ్ళు నిషేధం తీర్మానించాయి, జరిమానా పెట్టాయి, కాపలా పెట్టాయి. చర్చి పెద్దలూ గొంతు కలిపారు. ఆ నవంబరులో మూడు పక్షులకి ఉపగ్రహ పరికరాలు కట్టి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టి వదిలారు. పాంగ్తి అంటే వేట జరిగిన ఊరి పేరే! చర్చి మాటకి అక్కడ బలం ఉంది, నేను కాదనను. ఆ మాట వెనకాల తీర్మానం, జరిమానా, కాపలా ఉన్నాయి కాబట్టి అది పనిచేసింది.

మన దగ్గర సంగతి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొరకి గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. మే 15న దండలు వేస్తారు. ఆ కృతజ్ఞత నిజమైనదే, దానికి తగిన మనిషే. కానీ అదే కాలవలోకి ఊరి చెత్త, మురుగు వదిలే చోట్లు ఎన్ని లేవు? విగ్రహానికి దండ వేసిన చెయ్యి కాలవని శుభ్రం చేయాలని రూలేం లేదు కదా.

దేవుణ్ణి నమ్మని నీకు కృతజ్ఞత ఎవరి మీద అని క్రైస్తవ మిత్రులు నన్ను అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. వానకీ మట్టికీ థాంక్స్ చెప్పినా అవి వినవు. కానీ చెరువు తవ్వినవాళ్ళు, విత్తనం దాచినవాళ్ళు, చెట్టు నాటినవాళ్ళు మనుషులే. వాళ్ళకి బాకీ తిరిగి తీర్చలేం, చనిపోయారు. తర్వాత వచ్చేవాళ్ళకి చార్జి సరిగ్గా అప్పగించడమే ఆ బాకీ తీర్చడం. లెక్క అడిగేది ఆకాశంలో యజమాని అని వాళ్ళంటారు. నా మనవలని నేనంటాను. అప్పగించాల్సిన సామాను మాత్రం ఒకటే.

కాబట్టి ఒక చిన్న సూచన. కోత పండుగ నాడు చర్చిలో రైతులు తెచ్చిన ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు వేలం వేసి ఎంత వచ్చిందో చదువుతారు. దాంతోపాటు ఆ ఏడాది ఊళ్ళో బోర్లలో నీళ్ళు ఎన్ని అడుగులు కిందికి పోయాయి, చెట్లు ఎన్ని కొట్టారు, ఎన్ని నాటారు, చెరువు ఎంత ఆక్రమణ అయింది కూడా చదవండి. జమ ఒక్కటే చదివి ఖర్చు చదవకపోతే దాన్ని లెక్క అనరు. గుడిలో, మసీదులో, మా హేతువాదుల సభలో కూడా ఇదే చదవాలి. మాకైతే కృతజ్ఞత చెప్పుకోవడానికి ఒక పండుగ కూడా లేదు. ఆ విషయంలో వాళ్ళు మాకంటే ఒక అడుగు ముందే ఉన్నారు.