వంకర పెన్ను

మా పుట్టింటి ఇల్లు పడగొట్టినప్పుడు తమ్ముడు వీధి ద్వారబంధంలోంచి మూరెడు టేకు ముక్క తెచ్చిచ్చాడు. చెద తిన్నదీ, మేకు బెజ్జాలున్నదీ పోను రెండు పెన్నులకి సరిపడా చెక్క మిగిలింది. నాన్నగారి జేబులో ఎప్పుడూ రాజమండ్రి రత్నం పెన్ను ఉండేది. అందుకే పెన్నే చేయించుకోవాలనిపించింది.

మా వారు ఉద్యోగం మానేశాక చిన్న లేత్ మిషన్ కొన్నారు. చెక్కకి నిలువునా బెజ్జం వేసి, ఇత్తడి గొట్టం అతికించి, చివరలు చదును చేశారు. పెన్ను పైభాగం, కిందిభాగం రెండింటినీ మాండ్రెల్ అనే సన్నటి ఉక్కు కడ్డీకి గుచ్చారు. అటూ ఇటూ, మధ్యలో బుషింగులు పెట్టి నట్టు బిగించారు. రెండూ ఒకేసారి తిరుగుతాయి, పని తొందరగా అవుతుంది.

తిరుగుతుంటే కాస్త అదిరింది. పక్కనే నిలబడ్డ నేను ఊరుకోవచ్చుగా! "ఏవండీ, ఇంకాస్త బిగించండి" అన్నాను. బిగించారు.

ఉప్పు కాగితం పెట్టి, మెరుగు దిద్ది తీసి చూస్తే చెక్క గుండ్రంగా లేదు. ఒకవైపు లోహం కన్నా ఎత్తు, రెండోవైపు పల్లం. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "మా నాన్న చెక్క కదా, మీకేం లెక్క!" అనేశాను. ఆయన మారుమాట్లాడలేదు. పది రోజులు లేత్ ముట్టుకోలేదు.

పదకొండో రోజు టీ ఇస్తుంటే ఆయనే అన్నారు, "కడ్డీ వంగిందే. ఎక్కువ బిగించేశాం." బిగించమన్నావు అనలేదండీ, బిగించేశాం అన్నారు. ఆ ఒక్క మాటకి నేను తలెత్తలేకపోయాను.

రెండోసారి మాండ్రెల్ వాడలేదు. గొట్టం రెండు కొసల్లో సరిగ్గా కూర్చునే బుషింగులు తెప్పించి, ముక్కని రెండు సెంటర్ల మొనల మధ్య నిలబెట్టారు. మధ్యలో కడ్డీయే లేదు, ఇక వంగడానికేముంది? ఒక్కో ముక్క విడిగా చేయాలి కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది. కొసలు చదునుగా లేకపోతే మళ్లీ వంకరే. ఉలి గట్టిగా ఆనిస్తే ముక్క జారి ఆగిపోతుంది. అప్పుడు చేయి తేలిక చేసుకోవాలి తప్ప, మరీ బిగించకూడదట. ఈసారి నేను నోరెత్తలేదు.

పెన్ను చక్కగా వచ్చింది. బుషింగు దగ్గర వేలు పెట్టి చూస్తే చెక్కెక్కడ ఆగిందో, లోహమెక్కడ మొదలైందో తెలియలేదు.

అది నేనే ఉంచుకుందామనుకున్నాను. కానీ ఇల్లు పడగొడుతున్నందుకు తమ్ముడితో ఏడాదిగా ముభావంగా ఉంటున్నాను. ఆ ముక్క తెచ్చిచ్చింది వాడే కదా. రాఖీ నాడు వాడి జేబులో పెట్టాను. వాడు తీసి వాసన చూశాడు, ఏమీ అనలేదు.

వంకరది నా దగ్గరుంది. పాల లెక్క దాంతోనే రాస్తాను. వేళ్ల మధ్య తిప్పినప్పుడల్లా ఆ ఎత్తుపల్లం చేతికి తగులుతుంది.