మగ్గం ముందు కూర్చున్న ఇంజనీరు

మా మక్తబ్‌లో ఖాయిదా చదివిన పిల్లలలో వరంగల్ ఎన్.ఐ.టి.లో అడుగుపెట్టినవాడు ఇప్పటివరకు ఒక్కడే. మెకానికల్ విభాగంలో అతనికి ఇది చివరి సంవత్సరం. పేరు వ్రాయను, ఇంటి విషయం ఇది. తండ్రి మండీ బజారులో దర్జీ. తాత కొత్తవాడలో జంపఖానాలు నేసే కార్మికుడు. ఉర్దూలో మనం షత్రంజీలు అంటామే, అవే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు వచ్చింది గాని తాత మోకాళ్ల నొప్పి మాత్రం తగ్గలేదు.

1959లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన కళాశాల అది. ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2002లో ఎన్.ఐ.టి. అయింది. ఊరి పక్కనే ఇన్నేళ్లుగా ఉన్నా, దాని గేటు మన పిల్లల కోసం కాదన్న భావం మన వాడలలో చాలాకాలం ఉండేది. ఫీజు భయం అందులో పెద్దది. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉంటే అక్కడ ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయిస్తారని, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మినహాయిస్తారని ఈ కుర్రవాని ద్వారానే నాకు తెలిసింది. ఈ సంగతి ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద ఉండదగినది.

అతనికి పదమూడేళ్ల వయసులో ఒక రంజాన్ మాసంలో నన్నొక ప్రశ్న అడిగాడు. ఎవరో హైదరాబాదులో అచ్చయిన సహరీ, ఇఫ్తార్ల పట్టికను మస్జిద్‌లో అతికించారు. "ఉస్తాద్, సూర్యుడు అక్కడా ఇక్కడా ఒకే నిమిషంలో అస్తమిస్తాడా?" అన్నాడు. నేను చదువుకునే రోజుల్లో చెప్పించుకున్న ఫలకియ్యాత్ పాఠం ఆ పూట అక్కరకు వచ్చింది. రేఖాంశం ఒక్క డిగ్రీ మారితే సూర్యుని సమయం నాలుగు నిమిషాలు మారుతుంది. వరంగల్ హైదరాబాదుకు తూర్పున డిగ్రీకి కొంచెం పైన ఉంది. కాబట్టి ఇక్కడ ఉదయమూ, అస్తమయమూ సుమారు నాలుగున్నర నిమిషాలు ముందు. ఇఫ్తార్ ఆలస్యమైతే దాహమే పెరుగుతుంది. సహరీ ఆ పట్టిక ప్రకారం ముగిస్తే ఉపవాసానికే చిక్కు. ఆ మాట చెప్పగానే వాని కళ్లలో కనిపించిన వెలుగును ముప్పై ఏళ్ల బోధనలో నేను చాలా అరుదుగా చూశాను.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో అతడు చేసిన తొలి యంత్రం ఆ ప్రశ్నకు జవాబే. అరచేతి వెడల్పున్న ఒక సర్క్యూట్, ఎర్రని అంకెలు, చుట్టూ తాత ఇచ్చిన చెక్క చట్రం. వరంగల్ అక్షాంశ రేఖాంశాలను బట్టి ప్రతిరోజూ ఐదు నమాజుల వేళలను అదే లెక్కగడుతుంది. అస్ర్ విషయంలో హనఫీ, షాఫిఈ పద్ధతులకు తేడా ఉంది గదా అని నేనంటే, దానికి పక్కన చిన్న మీట ఒకటి అమర్చాడు. పద్నాలుగో శతాబ్దంలో డమాస్కస్ ఉమవీ మస్జిద్‌లో నమాజు వేళలు నిర్ణయించే ఉద్యోగం చేసిన ఇబ్నుష్షాతిర్ గొప్ప ఖగోళవేత్త. ఆ మస్జిద్ మినార్ కోసం ఆయన నీడ గడియారం తయారుచేశాడు. ఈ సంగతి చెబితే కుర్రవాడు పొంగిపోలేదు. "ఆయన లెక్క ఎంత వరకు సరిపోయేది ఉస్తాద్?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన సభలలో అల్ జజరీ పేరు తరచు వినిపిస్తుంది. 1206లో ఆయన వ్రాసిన యంత్రాల గ్రంథాన్ని మనం ఎంతో గర్వంగా తలుచుకుంటాము. ఆ ఉపన్యాసం సాగుతుండగా వజూఖానా మోటారు ఆగిపోతే మాత్రం బాగుచేసేవాడి కోసం ఊరంతా ఫోన్లు చేస్తాము. జజరీ తన యంత్రాలను పొగడమని వ్రాయలేదు. చదివిన పనివాడు మళ్లీ తయారుచేయగలిగేటట్లు, ఏ భాగం ఎలా చేయాలో, ఎలా కూర్చాలో వివరించాడు.

కుర్రవాని రెండో పని మగ్గం. గుంట మగ్గంలో నేతగాడు కాళ్లు గుంటలోకి దించి కూర్చుంటాడు. చెక్కలను ఒకటి తర్వాత ఒకటి తొక్కితే పడుగు దారాలు విడిపోతాయి. ఆ సందులో నుండి పేక నడుస్తుంది. జంపఖానా నూలు మందం. తొక్కుడూ బరువే. ముందు మోటారు పెడదామనుకున్నాడు. తర్వాత 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం చదివాడు. విద్యుత్తుతో నడవని మగ్గమే చేనేత మగ్గం అని దానిలో ఉంది. మోటారు పెడితే తాత కాలికి సుఖం, తాత సరుకుకు చేనేత అన్న పేరు పోవడం. అందువల్ల మోటారును వదిలి తొక్కుడు బరువును పంచే మార్గం వెదికాడు. మొదట స్ప్రింగులు అమర్చాడు. చెక్క ఎగిరి పడి పడుగు తెగింది. "కాలికి బలమిమ్మన్నాను గాని దారం తెంపమన్నానా?" అన్నాడు తాత. తర్వాత ఎదురు బరువులు కట్టాడు. తొక్కడం తేలికైంది, మూడో రోజున అడ్డకర్ర చీలింది.

ఇంటిలోని వాదన ఇదే సమయంలో మొదలైంది. బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థ ఒకటి అతన్ని ఉద్యోగానికి ఎంపిక చేసింది. అతనికేమో ఎం.టెక్. చేయాలని, యంత్ర రూపకల్పనలో ఉండాలని కోరిక. తండ్రికి బంధువుల వద్ద అప్పు ఉంది, కూతురి పెళ్లి ఉంది. ఒక ఇషా తర్వాత నా దగ్గరకు వచ్చి, "హజ్రత్, తల్లిదండ్రుల మాట వినాలని మీరొక్క మాట చెప్పండి చాలు" అన్నాడు.

ఆ మాట నేను ప్రతి వారం పిల్లలకు చెప్పేదే. కాని తండ్రి తన వాదన గెలవడానికి నా దగ్గర అరువు తీసుకుపోయే సుత్తి కాదది. తండ్రీ కొడుకులను ఇద్దరినీ పిలిచి కాగితం, పెన్ను ముందు పెట్టాను. ఎం.టెక్. అంటే బ్యాంకు అప్పు, వడ్డీ అని తండ్రి భయం. గేట్ పరీక్ష ద్వారా చేరినవారికి నెలకు 12,400 రూపాయల భృతి ఇస్తారని కొడుకు చెప్పాడు. ఈ సంగతి ఇంటిలో ఒక్కసారీ చెప్పలేదట! రెండు నెలలుగా ఇద్దరూ గొంతులతోనే మాట్లాడుకున్నారు.

కుర్రవాని వైపూ నేను ఊరుకోలేదు. ఆ భృతి నీ పొట్టకు సరిపోతుంది, నాన్న అప్పు తీరదు అన్నాను. అతడు చింతకింది మల్లేశం ఉదాహరణ తెచ్చాడు. ఆలేరు దగ్గరి శారాజిపేటలో, ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోతుంటే 1992లో యంత్రం మొదలుపెట్టి 1999లో పూర్తిచేసిన చేనేత బిడ్డ. చదువు ఆరో తరగతి. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన జీవితం మీద 2019లో సినిమా వచ్చిందట, నేను చూడలేదు. "ఆ ఏళ్లలో ఆయన ఇల్లు ఎలా నడిపాడు?" అని అడిగాను. హైదరాబాదులో కరెంటు పనులు చేశాడని కుర్రవాడే చెప్పి, తలవంచుకున్నాడు.

చివరకు ఒక దారి అతని నోటి నుండే వచ్చింది. గేట్ మార్కులు మూడేళ్లు చెల్లుతాయి. ఫిబ్రవరిలో పరీక్ష వ్రాసి, రెండేళ్లు ఉద్యోగం చేసి, అప్పు తీర్చి, అవే మార్కులతో ఎం.టెక్.లో చేరవచ్చు. తండ్రి సరేననలేదు, కాదనలేదు. రెండేళ్ల తర్వాత జీతం వదిలి ఎవడు వస్తాడని బయటకు వెళుతూ నాతో నెమ్మదిగా అన్నాడు. ఆ అనుమానం నాకూ ఉంది.

మొన్న జుమా తర్వాత ముగ్గురమూ కొత్తవాడ వెళ్లాము. ఈసారి అడ్డకర్రకు బదులు ఇనుప పట్టీ ఉంది. తాత జానెడు నేసి చూపించాడు. దర్జీ చాలాసేపు గుంటలోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు. పాతికేళ్లు కుట్టుమిషను తొక్కిన కాలు అతనిది. చెప్పులు విడిచి గుంటలోకి దిగి, రెండుసార్లు తొక్కి, "కీలు వెనక్కి పెట్టావురా, ఇంకా నాలుగు వేళ్లు ముందుకు జరుపు" అన్నాడు. కుర్రవాడు జేబులో నుండి టేపు తీశాడు.