మణికట్టు మీది మచ్చ

మా ఇంట్లో మందులపెట్టె అంటే ఏదో అనుకునేరు, పాత బిస్కెట్ల డబ్బా. దానికి తాళం లేదు గానీ, తాళంచెవి బొడ్లో దోపుకున్నంత దర్జా నాది. పక్కవాటా పిన్నిగారికి తలనొప్పి వచ్చినా, పనిమనిషి కూతురికి విరేచనాలు పట్టుకున్నా ముందు నా దగ్గరికే రావాలి.

ఆ మధ్య నా ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ లేచింది. ఒకటే మంట, దురద. రెండు రోజుల్లో ఊదారంగుకి తిరిగింది. "సాలెపురుగు పాకిందే అమ్మాయ్" అని పిన్నిగారు తేల్చేసి, పసుపూ వేపాకూ నూరి పట్టించారు. తగ్గింది, నల్లటి మరక మాత్రం ఉండిపోయింది. ఆరు నెలలకి మళ్లీ అక్కడే! అంగుళం అటూ ఇటూ కాదు. "పాపం, ఆ సాలెపురుగుకి ఇంకెవరి చెయ్యీ దొరకలేదు కాబోలు" అని మావారు నవ్వారు. మూడోసారి పెదవి మీద కూడా లేచేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

చర్మవ్యాధుల డాక్టరమ్మగారు చెయ్యి చూసి, "ఏం మందులు వేసుకున్నారు?" అని అడిగారు. "ఏమీ లేదండీ" అన్నాను. మన సంగతి తెలిసిందేగా! డాక్టరు చీటీ మీద రాస్తేనే మందు. డబ్బాలోంచి తీసి మింగింది లెక్కలోకి రాదు. ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మూడుసార్లూ విరేచనాలకి సల్ఫా బిళ్లలు వేసుకున్నాను.

"పడని మందుని చర్మం మరిచిపోదండీ. మళ్లీ వేసుకుంటే ఆ చోటే లేస్తుంది" అన్నారావిడ. 1894లోనే బ్రోక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక జ్వరం మందు విషయంలో ఇది రాసిపెట్టాడట. కొన్ని నొప్పి మాత్రలూ, టెట్రాసైక్లిన్ కూడా కొందరికి ఇలా చేస్తాయట. నాది తేలిక రకమే. జ్వరం వచ్చి, నోరు పుండై, కళ్లు ఎర్రబడి, ఒళ్లంతా బొబ్బలెక్కితే మాత్రం ఆ మందు ఆపేసి ఆ క్షణమే ఆస్పత్రికి పరుగెత్తాలి, ప్రాణం మీదికొస్తుంది.

అది విన్నాక నా మచ్చ సంగతే మరిచిపోయాను. పోయిన వారం పనిమనిషి కూతురికి ఇచ్చిన బిళ్లలు గుర్తొచ్చాయి. ఆటో దిగి, ఇంట్లోకైనా వెళ్లకుండా తిన్నగా వాళ్లింటికి పోయాను. పిల్ల వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. చేతులు తిప్పి, నోరు తెరిపించి చూశాను.

"ఆ బిళ్లలా అమ్మగారూ? చేదని ఊసేసిందండీ" అంది వాళ్లమ్మ, నేను కోప్పడతానేమోనని భయపడుతూ.