దర్శి నీళ్ళ రంగు

అద్దంకిలో బస్సెక్కి ముండ్లమూరు మీదుగా దర్శికి పోతూవుంటే దారి పొడుగునా చేలే. పత్తి, మిరప, కంది. మధ్య మధ్య పొగాకు బేరన్లు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నా సంచిలోని నీళ్ళ సీసా చూసి, "మంచిపని చేశారు. మా వైపు అన్నం పెట్టమంటే ఆలోచించం గాని, బోరునీళ్ళు ఇవ్వమంటే ఆలోచిస్తాం" అని నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళమీది గోధుమరంగు చారలు కనిపించాయి.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా దర్శి నెల్లూరు జిల్లాలో వుండేది. ఆ జిల్లా పల్లెల్లోనే, నీటిలోని ఫ్లోరైడువల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1937లో లోకానికి చెప్పారు. అంతకుముందే రైతులు తమ ఎడ్లు కీళ్ళు పట్టి కదలలేకపోవడం గమనించారట. ఎద్దు కుంటితే ఆ పూటే కనిపెడతాం. మనిషి నడుము వంగితే మాత్రం వయసు మీద పడిందనుకుంటాం!

కాలుష్యమంటే మనకు ఫ్యాక్టరీ గొట్టం గుర్తుకు వస్తుంది. ఇక్కడ గొట్టమూ లేదు, పొగా లేదు. భూమి లోపలి రాళ్ళలోని ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. రంగు వుండదు, వాసన వుండదు. కాచినా పోదు, నీరు ఆవిరైనకొద్దీ మరింత చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల వుండాలనీ, వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర దాటకూడదనీ మన దేశపు ప్రమాణం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక ఈ వైపు చాలా చేలు తడిశాయి. కాని కాలువ చేరని మెట్టపల్లెల్లో గొంతు తడిపేది నేటికీ బోరే.

నేను వెళ్ళింది అలాంటి ఒక పల్లెకే. బడి వరండాలో అయిదుగురు స్త్రీలు చాపమీద కూర్చుని నీటి పరీక్ష నేర్చుకుంటున్నారు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు ఈ పని నేర్పాలని నియమం. మిరపకోతల రోజులు. ఆ పూట కూలి మానుకుని వచ్చారు. విద్య నేర్పి, "ఇది సేవ తల్లీ" అని వూరుకుంటే న్యాయం కాదని నాకు తోచింది. నీరు బాగుచేయడం కూడా ఒక కొలువే. దానికీ జీతం వుండాలి.

నేర్పే కుర్రవాడు గాజుగొట్టంలో గీతదాకా నీరు పోయించి, మందు చుక్కలు వేయించాడు. గులాబీరంగు నిలిస్తే మేలు. పసుపుకు తిరిగినకొద్దీ ఫ్లోరైడు ఎక్కువ. తర్వాత పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే నల్లగొండ పద్ధతి చెప్పాడు. నాగపూరులోని నీరీ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతి అది. పటిక ఎంత వేయాలో నీటిని బట్టి మారుతుంది గనుక, పరీక్ష రాకుండా చేస్తే గుడ్డివాడి వంట అవుతుంది.

"మరి అడుగున దిగిన మడ్డి?" అని ఒకామె అడిగింది.

"విషమంతా అందులోనే వుంటుందమ్మా. చెరువులోగాని, బావి పక్కనగాని పారబోయకూడదు."

"అట్టయితే మిషను నీళ్ళ కాడ గొట్టంలోంచి పోయేది?"

కుర్రవాడు ఒక్క క్షణం ఆగి, అదీ అంతేనన్నాడు. శుద్ధి యంత్రం మంచినీళ్ళు ఒకవైపు ఇచ్చి, ఫ్లోరైడు చిక్కబడిన నీటిని రెండోవైపు వదులుతుంది. చాలా ఊళ్ళలో అది వీధి కాలువలోకే పోతున్నది. యంత్రం కొనేటప్పుడు ఈ ప్రశ్న అడిగినవారెందరో!

చివరకు అందరూ తమ తమ ఇళ్ళనుంచి తెచ్చిన నీళ్ళు చూశారు. ఆ ప్రశ్నలడిగినామె గొట్టం పసుపుకు తిరిగింది. ఆ బోరు ఆమె మామగారు వేయించినది. చుట్టుపక్కల పదిళ్ళవాళ్ళు అక్కడే బిందెలు నింపుకుంటారు. తాగడానికి పనికిరాని బోరుకు ఎర్రరంగు పూయాలి. "మా మామకు నేనెట్టా చెప్పేది?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

అందరం కలిసి వెళ్ళాం. ముసలాయన నులకమంచం మీదనుంచి మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి మావైపు చూశాడు. కోడలు గొట్టం చూపించి, మెల్లగా చెప్పింది. ఆయన చాలాసేపు ఆ పసుపురంగే చూశాడు.

"నలభై ఏళ్ళు తాగినం గదమ్మా" అన్నాడు. తర్వాత, "గొడ్లకో?"

"వాటికీ వద్దు మామా. గిన్నెలు, గుడ్డలు కడుక్కోవచ్చు."

"అయితే పుయ్యి. దూరానికి కనపడేట్టు పుయ్యి."

నేను బస్సుకు బయలుదేరేవేళకు పంపు పిడి దాకా ఎర్రబడింది. ఒక పిల్ల ఖాళీ బిందెతో వచ్చి, రంగు చూసి, ఇంకెక్కడికి పోవాలని అడుగుతున్నది.