ఆగకూడని దారి

దంపతుల కూటములలో మేము తరచుగా చెప్పే మాట ఒకటున్నది. భార్యాభర్తలు ఏడాదికొకసారైనా ఇల్లు, పిల్లలు, పని విడిచిపెట్టి రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రావాలని. చెప్పడమే గాని, మా పెళ్ళయిన పదిహేను సంవత్సరాలలో మేమిద్దరము అలా వెళ్ళినది లేదు. కన్వెన్షన్లకు వెళ్ళాము, పెళ్ళిళ్ళకు, సమాధి కార్యక్రమములకు వెళ్ళాము. చివరకు దేవుని కృపను బట్టి 2019 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఓడ ఎక్కి, మూడు రోజులు సముద్రం మీద ఊగి, అండమాను దీవులలో పోర్టుబ్లెయిర్ చేరాము. (2024లో ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మేము వెళ్ళిననాటి పేరే ఇక్కడ వ్రాస్తున్నాము.)

విహారయాత్ర అని సంఘస్థులకు చెప్పాము. అది సగం నిజం. మా ఆవిడ పెద్దన్నయ్య ఆ దీవులలో మాయాబందరు అనే ఊరిలో వడ్రంగి పని చేసుకుంటున్నారు. ఆయన 2010లో శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊరు విడిచి వెళ్ళిపోయారు. తొమ్మిదేళ్ళుగా మేము ఆయన ముఖం చూడలేదు. క్రిస్మసుకు మా ఆవిడ ఫోను చేసేది. చెల్లెలితో మాట్లాడేవారు గాని, "బావగారికి ఇవ్వు" అని ఏనాడూ అనలేదు. ఎందుకో తరువాత చెబుతాము.

పోర్టుబ్లెయిర్ నుండి ఉత్తరాన ఉన్న డిగ్లీపూరు వరకు సుమారు 330 కిలోమీటర్లు ఒకటే పెద్ద రోడ్డు. దానిని అండమాన్ ట్రంకు రోడ్డు అంటారు. మాయాబందరుకు 240 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మన వైపు అయితే ఉదయం బయలుదేరి మధ్యాహ్న భోజనానికి చేరతాము. అక్కడ అలా కాదు. దీవికీ దీవికీ మధ్య సముద్రపు పాయలున్నవి. మన గోదావరి మీద పంటు వంటిదానిపై బస్సులనూ కార్లనూ ఎక్కించి దాటించేవారు. అంతకు ముందు జరావా అనే ఆదిమ జాతివారి అడవి గుండా 49 కిలోమీటర్లు పోవాలి. ఆ అడవిలో ఎవరి బండి వారు పోకూడదు. జిర్కటాంగ్ అనే చోట పోలీసులు గేటు వేసి, పేర్లు వ్రాయించుకొని, బండ్లన్నిటినీ ఒక వరుసగా పంపిస్తారు. దానినే కాన్వాయ్ అంటారు. మేము ఉదయం 6 గంటల కాన్వాయ్ అందుకోవాలి.

అది తప్పిపోయింది. గేటు దగ్గరకు చేరేసరికి ఆఖరి బండి వెనుక దీపాలు మాత్రమే కనబడుతున్నవి. "నీ చీర, నీ మూటలు, నీ వలననే" అని మా ఆవిడను డ్రైవరు ముందరే గట్టిగా అన్నాము. ఆమె బదులు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆమె 3 గంటలకే స్నానం చేసి, సామాను కట్టి, గడపలో నిలబడి ఉన్నది. ఆలస్యము మా ప్రార్థన వలన జరిగినది. ప్రయాణము కొరకు మొదలుపెట్టి, సంఘములోని రోగుల మీదుగా, ప్రభుత్వములో ఉన్నవారి వరకు వెళ్ళాము. డ్రైవరు అక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుర్రవాడు. వాళ్ళ తాతలది సోంపేట వైపట. తెలుగు సగము, హిందీ సగము మాట్లాడతాడు. అతడు కారు తాళాలు చేతిలో త్రిప్పుతూ ఆ ప్రార్థన అంతా నిలబడి విన్నాడు. జిర్కటాంగులో మాత్రం మా మీద ఒక్క మాట చెప్పలేదు, టీ తెచ్చి ఇచ్చాడు.

9 గంటలకు గేటు తీశారు. ముందొక పోలీసు బండి, వెనుకొక పోలీసు బండి, మధ్యలో మేము. గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఒక బండిని ఇంకొకటి దాటకూడదు. అద్దాలు దించకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. అన్నిటికంటె ముఖ్యము, ఆగకూడదు.

ఆ అడవిని గూర్చి చెప్పడానికి మాకు మాటలు చాలవు. పడౌకు, గర్జను చెట్లు ధ్వజస్తంభముల వలె నిటారుగా పైకి పోయి, ఎక్కడో పైన కొమ్మలు విప్పినవి. మొదలు దగ్గర వేళ్ళు గోడల వలె నిలబడి ఉన్నవి, వాటి చాటున మనిషి నిలబడవచ్చును. లతలు ఓడ త్రాళ్ళంత లావు. ఎండ కాసే వేళ రోడ్డు మీద మాత్రం సాయంకాలం. మేము "ఆహా" అని ప్రక్కకు తిరిగితే, మా ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయి, నోటికి కొంగు అడ్డము పెట్టుకొని ఉన్నది.

ఆ మలుపులకు ఆమెకు కడుపులో త్రిప్పింది. "ఒక్క నిమిషం ఆపమనండి" అన్నది. "ఆపకూడదు అమ్మగారూ" అన్నాడు డ్రైవరు. చేతికందేచోట ఉన్నది ఒకే సంచి, మేము ప్రసంగాలు వ్రాసుకున్న కాగితాలు తడవకుండా పెట్టుకున్నది. దానిని ఇవ్వడానికి మేము ఒక్క క్షణం ఆలోచించాము. ఆమె ఆ క్షణాన్ని చూసింది. తరువాత కాగితాలు మా ఒడిలో కుమ్మరించి సంచి ఇచ్చాము.

ఆ తరువాత ఒక మలుపులో ముగ్గురు జరావాలు రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. ముందు కారు కొంచెము నెమ్మదించింది. అందులోనివారి తలలన్నీ ఒక్కసారి అటు తిరిగినవి. మేమూ తిరిగాము. మా ఆవిడ మాత్రం సంచి పట్టుకొని కళ్ళు గట్టిగా మూసుకున్నది. "చూడకండి. ఇది వాళ్ళ వీధి. మన వీధిలోకి ఎవరో బండ్లు కట్టుకొని వచ్చి మన ముఖాల్లోకి ఇలా చూస్తే మనకెట్లా ఉంటుంది?" అన్నది. అప్పటికే చూసి ఉన్నాము గనుక ఏమీ అనలేకపోయాము. వారు మొత్తము కలిసి కొన్ని వందలమంది మాత్రమే. బయటివారి రోగములు వారికి ప్రాణాపాయము. 1999లో తట్టు సోకి వారిలో ఎందరో మంచాన పడ్డారు. అడవిలోని ఈ రోడ్డును మూసివేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పినా అది తెరిచే ఉన్నది. 2012లో, తిండి చూపించి వారి స్త్రీలచేత నాట్యము చేయించిన వీడియో బయటపడి దేశమంతా తల దించుకున్నది. ఇవన్నీ ఓడలో చదువుకున్నవారమే. అయినా తల తిరిగింది.

అడవి దాటాక పంటు మీద మొదటి పాయ దాటి బారాటాంగ్ దీవికి వెళ్ళాము. రెండు ప్రక్కలా మడ అడవులు నీళ్ళలోకి వేళ్ళు దించి నిలబడి ఉన్నవి. మొసళ్ళు ఉన్నవి జాగ్రత్త అని బోర్డులు. అక్కడి సున్నపురాతి గుహలకు పడవలో తీసుకొని వెళతారు, చూడదగినవట. మాకు వేళ లేక మానుకున్నాము. రెండవ పాయ దగ్గర మళ్ళీ పంటు కొరకు కాచుకున్నాము. ఆ పాయ మీద తరువాత వంతెన వచ్చింది. ఇప్పుడు వెళ్ళేవారికి ఆ శ్రమ లేదు.

అసలు శ్రమ అటుపైన. రోడ్డు వెడల్పు చేస్తూ త్రవ్విపోసిన మన్ను, గుంటలు. అక్కడ ఫిబ్రవరిలో సాయంత్రం 6 గంటలు కాకముందే చీకటి పడుతుంది. ఆ చీకటి వేళకే టైరు పంక్చరయింది. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు. డ్రైవరు దానిని ఎత్తుకొని, దారిన పోతున్న మోటారు సైకిలు ఎక్కి ముందున్న ఊరికి వెళ్ళాడు. సెల్ ఫోనుకు సిగ్నలు లేదు. మేమిద్దరము ఒక తూము గోడ మీద కూర్చున్నాము. మిణుగురు పురుగులు చెట్టు నిండా వెలిగి ఆరుతున్నవి. ఎంతో అందమైన చోటు. మేము మాత్రం టైరునూ, కారు యజమానినీ, ఆ దేశాన్నీ వరుసగా తిడుతున్నాము.

అప్పుడు మా ఆవిడ, చాలా నెమ్మదిగా, "మీరు ఆ రోజు నన్ను ఒక్క మాట అడగలేదు" అన్నది.

ఏ రోజు అని మేము అడగలేదు. తెలుసును. 2009లో మా మామగారు ప్రభువునందు నిద్రించారు. ఇల్లు, ముప్పై సెంట్ల కొబ్బరితోట మిగిలినవి. అన్నదమ్ములిద్దరూ పంచుకోలేక, సేవకుడు గదా, అల్లుడు గదా అని మమ్మల్ని పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. మేము సగము, సగము అని తీర్పు చెప్పాము. సమానమే న్యాయము గదా అనుకున్నాము. పెద్దాయన మారు మాట్లాడక సంతకం పెట్టి, తన వాటా అమ్మివేసి, భార్యాబిడ్డలతో ఓడ ఎక్కేశారు. మొండిమనిషి అని మేము పదిమందిలో అన్నాము కూడా.

"నాన్నను నాలుగేళ్ళు చూసింది అన్నయ్య. ఆసుపత్రికి వదిన గొలుసు తాకట్టుపెట్టింది, విడిపించుకోలేదు. నాకు తెలుసు. మీరు అడిగితే చెప్పేదాన్ని. మీరు తీర్పు చెప్పేశారు, పదిమందిలో మీ మాట కాదనలేకపోయాను. తరువాత చెప్పబోతే, అయిపోయిందిగా అన్నారు. పొద్దున కాన్వాయ్ కూడా అంతే. ఎవరివల్ల ఆలస్యమయిందో మీరు అడగలేదు."

తొమ్మిదేళ్ళ మాట అది. ఎందరో భార్యాభర్తలను మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి, ఒకరినొకరు వినండి అని బోధించినవారము మేము. ఆ తూము మీద మాకు ఒక్క మాట రాలేదు. డ్రైవరు గంటన్నరకు వచ్చాడు. బోల్టులు బిగిస్తూంటే సెల్ ఫోను దీపం పట్టుకొని నిలబడ్డాము. ఆ రాత్రి రంగత్ అనే ఊరిలో ఒక లాడ్జిలో దిగాము. "కాన్వాయ్ మా ప్రార్థన వల్లనే తప్పింది" అని చీకట్లో అన్నాము. "డ్రైవరుకి కూడా తెలుసులెండి" అన్నది. నవ్విందో లేదో కనబడలేదు.

మరునాడు రోడ్డు సముద్రము ప్రక్కగా పోయింది. ఆకుపచ్చని నీళ్ళు, మనిషి అడుగు పడని ఇసుక, ఒడ్డున పడి తెల్లగా ఎండిన మహావృక్షములు. మా ఆవిడను ముందు సీటులో కూర్చోబెట్టి మేము వెనుక సామానుతో కూర్చున్నాము. ముందు కూర్చున్నవారికి త్రిప్పదట. ఆ సంగతి మొదటి రోజు అడిగినా తెలిసేది. మాయాబందరు దగ్గర పడేకొద్దీ ఆమె ఉత్సాహపడింది, మాకు గుండె దడ పట్టుకున్నది.

బావగారు రోడ్డు మీదకు వచ్చి నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. "రోడ్డు బాగా ఏడిపించిందేటి, బావగారూ?" అన్నారు. దారి పొడుగునా సిద్ధము చేసుకున్న మాటలు ఎటో పోయినవి. "ఆ రోజు అడగవలసిన మాట అడగలేదు, బావగారూ" అని మాత్రము అన్నాము. ఆయన, "ముందు కాళ్ళు కడుక్కోండి" అని చెంబు ఇచ్చారు. రెండు రోజులు ఆ ప్రస్తావనే లేదు. చేపల పులుసు, కొబ్బరి నీళ్ళు, పిల్లల చదువులు.

ఆదివారము ఆయన మమ్మల్ని దగ్గరలోని వెబి అనే కరెన్‌వారి గ్రామానికి ఆరాధనకు తీసుకొని వెళ్ళారు. వారి పెద్దలు 1925లో బర్మా నుండి వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్నారు. వారు బాప్టిస్టులు. మాట ఒక్కటీ తెలియలేదు గాని రాగములు కొన్ని తెలిసినవి. తిరిగి వచ్చేటప్పుడు బావగారు ఒక చెట్టు క్రింద ఆగి, జేబులోనుండి మడతలు చిరిగిపోయిన కాగితము తీశారు. మామగారి జబ్బు నాటి ఖర్చులు, వరుస నంబర్లతో 23 పద్దులు. బస్సు చార్జీలు, మందులు, రక్తము రెండు సీసాలు. చివర వదినగారి గొలుసు.

"ఆ రోజు జేబులో పెట్టుకొచ్చినాను, బావగారూ. అడుగుతారేమో అని చూసినాను" అన్నారు.

మేము ఒక్కొక్క పద్దు పైకి చదివాము. ఆయన ప్రతి పద్దుకూ "ఊఁ" అన్నారు. ఆ రాత్రే చిన్న బావమరిదికి ఫోను చేసి, మా తీర్పు తప్పు అని చెప్పాము. అతడు కోప్పడ్డాడు. తరువాత కొంత సొమ్ము పంపాడు. అంతా పంపలేదు. ఈ పంక్తులు వ్రాసేనాటికి కూడా అది పూర్తిగా తేలలేదు. క్రిస్మసుకు ఫోను వస్తే మాత్రం బావగారు ఇప్పుడు మమ్మల్ని కూడా అడుగుతున్నారు.

తిరుగు ప్రయాణమునాడు వదినగారు నిమ్మకాయలు, ఉప్పు పొట్లము, నాలుగు ఖాళీ సంచులు మా ఆవిడ చేతికిచ్చారు. తెల్లవారకముందే డ్రైవరు వచ్చి, గుమ్మము దగ్గర తలుపు మీద వ్రేలితో తట్టి, భయభయంగా "అయ్యగారూ, ప్రార్థన...?" అన్నాడు.

"రాత్రే అయిపోయింది నాయనా, బండి తియ్యి" అన్నది మా ఆవిడ, ముందు సీటులో కూర్చుంటూ.