నాన్న అడిగిన జాబితా

3 జూన్ 2025, మంగళవారం
మా జిల్లాలో ఏయే ఊళ్లకు తెలుగు వికీపీడియాలో వ్యాసాలున్నాయో నాన్నకి జాబితా తీసివ్వాలి. ఒక్కో పేజీ తెరిచి రాసుకుంటూ కూర్చుంటే తెమలదు. వికీపీడియా ఏపీఐని అడిగితే వర్గంలోని పేర్లు జేసన్‌లో ఇస్తుంది. పీహెచ్‌పీలో ఫైల్ గెట్ కంటెంట్స్‌తో ఒక్క లైను రాశాను. 403 వచ్చింది. తప్పు నాదే. అడిగేదెవరో చెప్పే యూజర్ ఏజెంట్ పంపలేదు. పీహెచ్‌పీ తనంతట తాను పంపదు. అందరికీ ఉచితంగా ఇచ్చే సర్వర్ అది. తలుపు తట్టినవాడు పేరు చెప్పాలి కదా.

4 జూన్, బుధవారం
కర్ల్‌కి మారాను. స్క్రిప్టు పేరూ నా ఈమెయిలూ హెడర్‌లో పెట్టాను. 200! కానీ జవాబును ఉన్నదున్నట్టు ప్రింట్ చేస్తే ఒక్క తెలుగక్షరం లేదు. 'గ' ఉండాల్సిన చోట వెనక్కి వాలిన గీత, యు, 0సి17. గుండె జారింది. జేసన్ డీకోడ్ చేయగానే ఊళ్లన్నీ తెలుగులో బారులు తీరాయి. ఫైల్లో దాచేటప్పుడు మళ్లీ అలా మారకుండా జేసన్ అనెస్కేప్డ్ యూనికోడ్ చేర్చాను.

6 జూన్, శుక్రవారం
నాన్న జాబితా మీద వేలు పెట్టి చివరిదాకా చదివారు. "మన ఊరేదిరా?" అన్నారు. మాది 'వ'తో మొదలవుతుంది. జాబితా 'న' దగ్గరే ఆగింది. లెక్కపెడితే సరిగ్గా 500. మామూలు వాడుకరికి ఒక్కసారికి ఇచ్చేది అంతే. మిగతావి ఉన్నాయని చెప్పే 'కంటిన్యూ' జవాబులోనే ఉంది, నేను చూడలేదు. ఎర్రర్ లేదు, 200 వచ్చింది, అయినా సగమే. పక్క ఊళ్లన్నీ ఉండి మన ఊరు లేకపోతే ఎలా ఉంటుందో ఆయన ముఖంలో చూశాను.

8 జూన్, ఆదివారం
డూ వైల్ లూపు రాశాను. వచ్చిన కంటిన్యూ విలువను తర్వాతి రిక్వెస్టుకు కలపడం, అది రావడం ఆగేదాకా అడగడం, మధ్యలో ఒక సెకను ఆగడం. కర్ల్ ఎర్రర్, స్టేటస్ కోడ్, జేసన్ ఎర్రర్ మూడూ చూశాకే పేర్లు తీసుకుంటున్నాను. రెండో విడతలో మా ఊరొచ్చింది.

సాయంత్రం మేనకోడలు "నాలుగక్షరాల ఊళ్లెన్ని మామయ్యా?" అంది. ముందు 'గోదావరి'తో చూశాను. స్ట్రింగ్ లెన్ 21 అంది, బైట్లు లెక్కపెట్టి. ఎంబీ స్ట్రింగ్ లెన్ 7 అంది, గుణింతాల్ని విడదీసి. గ్రాఫీమ్ స్ట్రింగ్ లెన్ 4 అంది, పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టినట్టే.

నాన్న మా ఊరి పేజీ తెరిపించి చదివారు. చెరువు సంగతి అందులో లేదు. "రేపు కూర్చుని రాద్దాంరా" అన్నారు.